మొదటి బొట్టు పెట్టే చేయి

మా నాయన ముప్పై ఆరేళ్ళ పాటు ఒక నూలు మిల్లులో వాన కురిపించాడు. చిన్నప్పుడు ఈ మాట బడిలో చెబితే పిల్లలు పడి పడి నవ్వారు. తమిళనాడులోని రాజపాళయంలో పుట్టి, సగం మంది మిల్లు ఇళ్ళ నుంచే వచ్చి, ఈ సంగతి తెలియకపోవడమేమిటని నాకు ఒళ్ళు మండింది. ఒకమ్మాయి జడ పట్టి గుంజాను. టీచరు నన్ను ఎండలో నిలబెట్టింది. ఆ జడ గుంజినందుకు నాకు ఇప్పటికీ విచారం లేదు.

నిజం చెప్పాలంటే అది వాన కాదు, తుంపర. నూలు వడికే హాల్లో గాలి ఎండిపోతే పోగు టప్పున తెగిపోతుంది. అందుకని గాలికి తగినంత తడి పట్టించి హాల్లోకి వదలాలి. తడి తగ్గితే పోగు తెగుతుంది, పెరిగితే దూది రోలర్లకు చుట్టుకుంటుంది. ఆ తడిగాలి తయారుచేసే ప్లాంటు నాయన చేతి కింద ఉండేది. హాలు గోడకు రెండు థర్మామీటర్లు వేలాడేవి, ఒకదాని బుడ్డికి తడి గుడ్డ చుట్టి. వాటి వైపు చూడకముందే, హాల్లో నాలుగడుగులు వేసి, ముంజేతి మీద అరచేయి రుద్దుకుని, తడి ఎంత తక్కువో చెప్పేవాడట. ఇది ఆయన నాకు చెప్పలేదు. ఆయనతో పనిచేసినవాళ్ళు పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు చెబుతారు. నేను పక్కనే నిలబడి, తెలియనట్టు మొహం పెట్టి, ఇంకొకసారి చెప్పించుకుంటాను.

ఆ మిల్లులో ఒక పద్ధతి ఉండేది. ఆయుధపూజ నాడు మెషిన్లన్నీ ఆపి, తుడిచి, చందనం, కుంకుమ పెడతారు. అది అన్ని చోట్లా ఉన్నదే. కానీ వీళ్ళ మిల్లులో మొదటి బొట్టు యజమాని పెట్టడు. ఆయన చందనం గిన్నె పట్టుకుని ఒక్కో మెషిన్ దగ్గరికి వచ్చి, ఏడాది పొడుగునా దాన్ని నడిపిన మనిషి చేతికి ఇస్తాడు. బొట్టు ఆ మనిషిది. తన తప్పు వల్ల మెషిన్ ఆగిపోయి ఉంటే మాత్రం ఆ మనిషి గిన్నె పుచ్చుకోడు, పక్కవాడి వైపు చూపిస్తాడు. ఎవరూ ఏమీ అడగరు, ఎవరి తప్పు వాళ్ళకు తెలుసు. నాయన ముప్పై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా పక్కవాడిని చూపించలేదు. ఇది మాత్రం ఆయనే చెప్పాడు. ఒకసారి కాదు, ఏటేటా చెప్పాడు.

ఇక నా సంగతి. ఇల్లు కట్టుకోబోయేవాళ్ళకు, కట్టాక ఆ ఇల్లు బయటి నుంచి ఎలా ఉంటుందో కంప్యూటర్లో బొమ్మ తీసి చూపించడం నా పని. ఎలివేషన్ అంటారు. పెళ్ళయి పక్క వీధికే వెళ్ళాను కాబట్టి ఆఫీసు పుట్టింటి ముందుగదిలోనే పెట్టుకున్నాను. తళవాయిపురం వైపు వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, గోధుమరంగు గోడలకు ఎర్ర పట్టీలు, గేటు పక్కన రాతి పలకలు కనిపించే ఇళ్ళు కొన్ని వస్తాయి. అవి నేను చేసిన పాపాలే. ఎర్ర పట్టీలు వద్దని ప్రతివాళ్ళకూ చెప్పాను, ప్రతివాళ్ళూ పక్కింటికి ఉన్నాయి కదా అన్నారు.

ఆ బొమ్మల కోసం రెండు పెద్ద గ్రాఫిక్స్ కార్డులున్న మెషిన్ కొన్నాను. పని ఉన్నప్పుడు బాగానే ఉండేది. కానీ ఆషాఢం వచ్చే ఆడి నెలలో మా వైపు ఎవరూ ఇంటికి పునాది వేయరు. ధనుర్మాసమైన మార్గళిలోనూ అంతే. అప్పుడు అంత మెషినూ మూల కూర్చుని ఉంటుంది. అమ్మకు అది చూస్తే చిరాకు. "ఇంత పెద్ద పెట్టె సుమ్మా కూచోని ఉండాది. దాని మీద పూలకుండీ అయినా పెట్టుకుందాము" అనేది.

నాతో చదువుకున్న ఒకావిడ కోయంబత్తూరులో యానిమేషన్ పని చేస్తుంది. ఆవిడే ఒక నెట్‌వర్క్ గురించి చెప్పింది. కదిలే బొమ్మలు తయారుచేసేవాళ్ళకు లెక్కలేనన్ని ఫ్రేములు కావాలి. ఒక్కో ఫ్రేము వెలుగునీడలతో పూర్తిగా తయారవడానికి చాలాసేపు పడుతుంది. అన్నీ ఒక్క చోట చేయాలంటే నెలలు గడిచిపోతాయి. అందుకని పనిని ముక్కలు చేసి నెట్‌వర్క్‌లో పెడతారు. ప్రపంచంలో ఎక్కడెక్కడో ఇళ్ళలో ఊరికే పడి ఉన్న మా మెషిన్ లాంటివి తలా ఒక ముక్క తీసుకుని, పూర్తిచేసి, తిరిగి పంపుతాయి. ఎవరి మెషిన్ ఏ ముక్క చేసిందో బ్లాక్‌చెయిన్‌లో నమోదవుతుంది. చేసిన పనికి టోకెన్లు వస్తాయి. వాటితో మేడలు కట్టలేము గానీ, కరెంటు బిల్లు పోగా మెషిన్ తన తిండి తాను సంపాదించుకుంటుంది.

ఇదంతా ఒక మధ్యాహ్నం కాఫీ తాగుతూ నాయనకు చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టకుండా విన్నాడు.

"అంటే జాబ్ వర్కా?" అన్నాడు.

"అదే నాయనా."

"పంజు వాళ్ళది. వడికేది మనము."

"అవును. దూది వాళ్ళు పంపిస్తారు, మనము వడికి ఇస్తాము."

"ఎవురు ఎంత వడికినారని చిట్టా ఎవురు రాస్తారు?"

"ఒకరు రాసేది కాదు. అదే చిట్టా అందరి దగ్గరా ఉండాది. ఒకరు దిద్దితే తక్కినవాళ్ళ చిట్టా ఒప్పుకోదు."

నాయన "అట్లయితే షిఫ్టు ముగిసినాక సూపర్‌వైజరు దిద్దలేడు. మంచిదే" అన్నాడు. బ్లాక్‌చెయిన్ గురించి నేను చదివిన పుస్తకాలేవీ ఇంత సూటిగా చెప్పలేదు. నాకు ఎంత గర్వమనిపించిందంటే, ఆ మాట ఆ సాయంత్రమే కోయంబత్తూరుకు ఫోన్ చేసి చెప్పాను.

ఆయనకు ఇంకొక్క సందేహం మిగిలింది. మన మెషిన్ ఏం బొమ్మ తీస్తుంది? నాకూ తెలియదని చెప్పాను. ముక్క తాళం వేసి వస్తుంది, తాళం వేసే పోతుంది. సినిమాకో, ఆటకో, ఆస్పత్రి వాళ్ళ పాఠానికో, ఎవరి కోసమో మనకు కనపడదు.

"సరి. నేను ముప్పై ఆరేండ్లు నూలు చూసినాను. ఎవురు కట్టుకొనినారని పోయి చూసినానా?" అని గ్లాసు కింద పెట్టాడు.

అప్పటికి నాయన మిల్లు నుంచి దిగి తొమ్మిదేళ్ళు. పనిలో ఉన్నన్నాళ్ళు ఇంట్లో కూర్చుని ఎరగని మనిషి. దిగాక ఏం చేయాలో తెలియక, ఇంట్లో ఉన్న ఫ్యాన్లన్నీ విప్పి మళ్ళీ బిగించేవాడు. అమ్మ మిక్సీకి నూనె పెట్టేవాడు. నేను పగలంతా ఇళ్ళు కట్టే చోట్ల తిరుగుతూ ఉంటాను, మెషిన్ ఒంటరిగా పనిచేస్తూ ఉంటుంది. "నాయనా, కొంచెం చూసుకుంటావా?" అని అడిగాను. ఊరికే అడిగాను. ఆయన మాత్రం లోపలికి వెళ్ళి ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చాడు.

ఆ రోజు నుంచి నాయన ఎనిమిది గంటలకల్లా ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. తెర మీద ఏముందో ఆయనకు పట్టదు. పెట్టె మీద అరచేయి ఆనించి ఉంచేవాడు. పని పట్టిందో లేదో, వేడి ఎంతుందో ఆ చేతితోనే తెలిసేది. వారం తిరిగేసరికి మిల్లు నాటి తన పాత థర్మామీటర్ల జత గోడకెక్కింది. నెట్‌వర్క్‌లో ప్రతి మెషిన్‌కూ ఒక నమ్మకం మార్కు ఉంటుంది. తీసుకున్న ముక్కను సరిగ్గా, సమయానికి తిరిగిస్తే మార్కు పెరుగుతుంది, చెడగొడితే తగ్గుతుంది. మార్కు బాగుంటేనే మంచి పనులు ముందుగా మన దాకా వస్తాయి. ఆ మార్కు ఎంతయిందని నాయన రోజూ నన్ను అడిగేవాడు. అది పెరిగిన రోజున రెండు ఇడ్లీలు ఎక్కువ తినేవాడు. నేను ఊరంతా చెప్పుకున్నాను, మా మెషిన్‌కు ప్లాంటు మనిషి కాపలా ఉన్నాడని.

తరువాత జరిగింది రాయడం నాకు ఇష్టం లేదు గానీ, రాయకపోతే మిగతాది అర్థం కాదు.

ఆడి నెలలో మా ఊళ్ళో గాలి తెలుసు కదా. కొండల మీది నుంచి హోరుమని దిగి, వీధుల్లో చీరలు ఎగరేసుకుపోతుంది. ఆ గాలి పొడి గాలి. నాయన గోడ మీది థర్మామీటర్లు చూశాడు, ముంజేయి రుద్దుకున్నాడు, గదిలో తడి చాలదని తేల్చుకున్నాడు. మెషిన్ నడిచే చోట గాలి ఎండితే పోగు తెగుతుంది. ఇది ఆయన ఒంట్లో ఉన్న జ్ఞానం, ఎవరైనా అడిగితే చెప్పేది కాదు. మొదట కిటికీకి తడి గోనెపట్టా కట్టాడు. అది నేను చూశాను. చల్లదనానికని అనుకుని మెచ్చుకున్నాను కూడా. నేను చూడనిది ఇంకొకటి ఉంది. అమ్మ ఇస్త్రీ బట్టల మీద నీళ్ళు చల్లే స్ప్రే డబ్బా తీసుకుని, గంటకొకసారి, మెషిన్ ముందు గాలిలో సన్నగా తుంపర కొట్టేవాడు. దాచి చేయలేదు. రోజూ పళ్ళు తోముకున్న సంగతి ఎవరైనా చెబుతారా? అంతే. మెషిన్ ఫ్యాన్లు ఆ తుంపరనంతా లోపలికి పీల్చుకున్నాయి.

రెండు నెలలు ఏమీ కాలేదు. దసరా వచ్చే పురట్టాసి నడిమధ్య ఒక ఉదయం, పనిలో ఉండగానే ఒక కార్డు చచ్చిపోయింది. రిపేరు చేసే మనిషి మదురై నుంచి వచ్చి పెట్టె విప్పాడు. లోపల ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది. ఆయన నవ్వి, "ఏంది మేడం, పెట్టె లోపల వాన పడినాదా?" అన్నాడు.

నాయన కుర్చీలోంచి లేచి, స్ప్రే డబ్బా తెచ్చి చూపించాడు. పైగా కొంచెం గర్వంగానే, "ఈరం సరిగానే పెట్టినాను. నూటికి అరవై దాటనీలేదు" అన్నాడు. ఈరమంటే తడి.

అప్పుడు నాకు నోరు ఆగలేదు. ఆ రిపేరు మనిషి ముందే అరిచాను. "ఇది మిల్లు కాదు నాయనా! నీకు తెలిసిందంతా మిల్లులోనే పెట్టుకో!"

ఆయన డబ్బాను తీసుకెళ్ళి ఇస్త్రీ బల్ల మీద, ఎప్పుడూ ఉండే చోట పెట్టాడు. కుర్చీని మడత పెట్టబోయాడు, అది మడత పడే కుర్చీ కాదు. దాన్ని ఎత్తుకుని, గోడ మీది థర్మామీటర్లు కూడా తీసుకుని వెనక గదిలోకి పోయాడు.

ఆ ఏడాది ఆయుధపూజ నాడు నేను చందనం కలిపి గిన్నె తెచ్చాను. ఒక కార్డుతో మెషిన్ కుంటుతూ నడుస్తోంది. మిల్లు పద్ధతి మా ఇంటికి ఎందుకు తెచ్చానో నాకు తెలియదు. క్షమించమని అడగడం రాక అనుకుంటాను. గిన్నె ఆయన ముందు పట్టాను. ఆయన దాని వైపు చూడలేదు. "పెట్టే చెయ్యి నాది కాదు తాయీ. నువ్వు పెట్టుకో" అన్నాడు. కోపంగా అనలేదు, అదే నన్ను కోసింది. నేనే ఏదో బొట్టు పెట్టి, గది తలుపు వేసుకుని ఏడ్చాను.

కార్డు పోయిన బాధ నాకు వారంలో తీరింది. తీరనిది ఇంకొకటి. ఒకరోజు మిక్సీ తిరగలేదు. అమ్మ యథాప్రకారం దాన్ని తీసుకెళ్ళి నాయన ముందు పెట్టింది. ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా, "నాకేమి తెలుసు. మెకానిక్‌ను పిలవండి" అన్నాడు. అమ్మ నా వైపు చూసింది. ఆ మిక్సీలో ప్రతి మరనూ ఆయన మూడేసిసార్లు విప్పి ఉంటాడు. తరువాత ఫ్యాను కిర్రుమంటే ఆ కిర్రు కిందే పడుకున్నాడు. సైకిల్ చెయిను ఊడితే నడిచి వచ్చాడు. నా నోటి నుంచి వచ్చిన ఒక్క మాటతో ఆయన చేయి ఇక ఏ మెషిన్ మీదా పడదేమోనని నాకు భయం పట్టుకుంది. ఆ చేయి మళ్ళీ మెషిన్ మీద పడాలి. ఆ రోజు నుంచి నాకు కావలసింది అదొక్కటే.

అడిగి చూశాను. "నాయనా, వచ్చి కూర్చో" అంటే, "ఇట్లనే బాగుండాది" అనేవాడు. ముందుగది గడప దాటలేదు.

కొత్త కార్డు వచ్చేసరికి సంక్రాంతి వచ్చే తై నెల అయింది. మళ్ళీ పనులు పట్టాను, పోయిన మార్కు మెల్లగా తిరిగి వచ్చింది. ఎండలు ముదిరే చిత్తిరై వచ్చేసరికి ఇంకొక రోగం మొదలైంది. పని పట్టిన కాసేపటికే మెషిన్ వేడెక్కిపోయి, ముక్క సగంలో వదిలేసేది. రిపేరు మనిషి వచ్చి, దుమ్ము ఊది, కార్డులకు కొత్త పేస్టు రాసి పోయాడు. పది రోజులు బాగుంది, పదకొండో రోజు మళ్ళీ అదే. ఇంకొకసారి వచ్చాడు, ఇంకొక పది రోజులు. మూడోసారి వచ్చినప్పుడు ఏసీ పెట్టించమన్నాడు. లేదా ఎవరికైనా అమ్మేయమన్నాడు. మార్కు పడిపోతూ ఉంది. నేను కిటికీలన్నీ మూసి చూశాను, గది పొయ్యిలా అయింది. తెరిచి చూశాను, రోగం ఇంకా తొందరగా ముదిరింది. రోజూ గట్టిగా విసుక్కునేదాన్ని. వెనక గదిలోంచి నాయనకు అంతా వినిపిస్తూనే ఉంటుంది. ఒక్క మాట రాలేదు.

ఆడి గాలి మొదలైన వారం, అమ్మ దండెం మీది బట్టలు తీస్తూ నాతో మెల్లగా అంది. "మీ నాయనకు తెలుసే, పాపా. చిత్తిరై నుంచీ తెలుసు. దండెం మీది తెల్ల చొక్కాకు అంటిన నలుసులు తీసి రోజూ చూసుకుంటా ఉండాడు. నీతో చెప్పడు."

"ఎందుకు చెప్పడు?"

"నువ్వే కదా అంటివి, మిల్లులో తెలిసింది మిల్లులోనే పెట్టుకోమని. పెట్టుకొనినాడు."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు, నా మీదే అయి ఉంటుంది. గదిలోకి వెళ్ళి మెషిన్ ఆపి పెట్టె విప్పాను. కార్డు రెక్కల మధ్య బూడిదరంగు పొర ఒకటి, నెత్తి మీద వేసుకునే ఊలు టోపీలాగ అతుక్కుని ఉంది. రిపేరు మనిషి ప్రతిసారీ దుమ్మన్నది దీన్నే. చిటికెడు పీకి, నాయన దగ్గరికి వెళ్ళి, ఆయన చదువుతున్న పేపరు మీద పెట్టాను.

"ఇది ఏందో చెప్పు నాయనా. నాకు తెలియదు."

ఆయన చాలాసేపు దాన్ని ముట్టుకోలేదు. నేనూ కదల్లేదు. ఆఖరికి బొటనవేలితో, చూపుడువేలితో తీసుకుని, రెండు వైపులా మెల్లగా లాగాడు. మిల్లులో దూది పొడవు చూసేది అట్లాగే. చిన్నప్పుడు మా దిండులోని దూది కూడా అట్లా లాగి చూసి, కొన్న మనిషిని తిట్టేవాడు. పోగులు వేళ్ళ మధ్య విడిపోయాయి. వెలుతురుకు పట్టి చూశాడు.

"ఇది స్పిన్నింగ్ పంజు కాదు. పొట్టి పోగు. కట్టుగుడ్డ నేసే తావుది" అన్నాడు. "వెనక షెడ్డులో తై నెలలో తెరులు పెట్టినారు కదా. పడమటి గాలికి అంతా మన కిటికీలోనే వస్తాది."

మా వెనక వీధిలో, ఆస్పత్రులకు కట్టు కట్టే పలచని గుడ్డ నేసే తెరుల షెడ్డు, అంటే మగ్గాల షెడ్డు, ఒకటి కొత్తగా వచ్చిన మాట నిజమే. ఆ చప్పుడు రోజూ వింటూనే ఉన్నాను. మా ఊళ్ళో మగ్గం చప్పుడు ఎవరికి వినిపిస్తుంది? కాకుల అరుపు లాగే అదీ.

"నాయనా," అన్నాను, "పోయిన ఏడాది నేను అన్నది తప్పు. మిల్లు కాదంటిని."

ఆయన ఆ పంజును ఉండలా చుట్టి కిటికీలోంచి పారేశాడు. నా మొహం వైపు చూడకుండానే అన్నాడు. "నీ పెట్టె కొత్తది తాయీ. గాలి మాత్రం మన ఊరిదే కదా."

లేచాడు. ముందుగది గడప దగ్గర ఒక్క క్షణం ఆగాడు. దాటాడు.

ఆ మధ్యాహ్నమంతా ఇల్లు వడ్రంగి కొట్టులా అయింది. అటక మీది పాత కిటికీ రెక్కను దింపి, చెక్కలు ఊడదీసి, చట్రం మాత్రం ఉంచాడు. నన్ను వెనక షెడ్డుకు పంపి ఆ కట్టుగుడ్డే కొనుక్కురమ్మన్నాడు. ఏ గుడ్డ పోగులు మా మెషిన్‌ను చంపుతున్నాయో అదే గుడ్డ. రెండు పొరలుగా చట్రానికి బిగించి, చుట్టూ చిన్న మేకులు కొట్టాడు. నేను దాన్ని తీసుకెళ్ళి మెషిన్ మూతికి ఆనించబోయాను.

"ఒద్దు ఒద్దు" అని లాక్కున్నాడు. "మూతికి గుడ్డ కట్టితే ఊపిరి యాడ ఆడతాది? ఇంత పెద్దది ఎందుకు చేసినాను? వాకిలి పెద్దదిగా ఉంటే గాలి మెల్లగా వస్తాది. మెల్లగా వచ్చే గాలి పంజును మోయలేదు. గుడ్డ మీదనే దింపేసి వస్తాది."

కిటికీకి లోపలి వైపు, మెషిన్‌కు జానెడు దూరంలో, నేల నుంచి నడుమెత్తు వరకు నిలబెట్టాడు. పక్కలకు అట్టముక్కలు అడ్డం పెట్టాడు. రిపేరు మనిషి మూడుసార్లు వచ్చి పట్టుకోలేనిది, ఆయన్ను పంపిన మదురై పెద్ద కొట్టు వాళ్ళకు తట్టనిది, పేపరు చదువుకుంటున్న మా నాయన పాత కిటికీ రెక్కతో, మూరల లెక్కన కొన్న కట్టుగుడ్డతో సరిచేశాడు. ఇది నేను గొప్పలు చెప్పుకోవడమే. చెప్పుకోకపోతే నా కడుపు ఉబ్బిపోతుంది.

పది రోజులు గడిచాయి. పదకొండో రోజు పొద్దున్నే నేను తెర ముందు కూర్చున్నాను. వేడి పెరగలేదు. పన్నెండో రోజూ పెరగలేదు. శనివారం నాయన గుడ్డ విప్పి, గాలి పోయే వైపుకు తిరిగి దులిపాడు. తెల్లగా ఉన్నది బూడిదరంగు మందపాటి దుప్పటిలా అయింది. వేరే గుడ్డ బిగించాడు. అట్లా ప్రతి శనివారం. థర్మామీటర్ల జత మళ్ళీ గోడకెక్కింది. ఈసారి తడి పెరిగితే కిటికీ మూయడానికి. స్ప్రే డబ్బాను మాత్రం ముందుగది వైపు ఎవరు తెచ్చినా కళ్ళెర్రజేస్తాడు. అమ్మ కావాలనే ఒకటి రెండుసార్లు అది చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిరిగింది.

నా మెషిన్ ఏ సినిమాలో ఏ ఆకు కదిలించిందో, ఏ పిల్లాడి ఆటలో ఏ కొండ గీసిందో నాకు ఎప్పటికీ తెలియదు. తీసుకున్న ముక్కను చెడగొట్టకుండా తిరిగి ఇచ్చిందని మాత్రం ఎవరూ చెరపలేని చోట రాసి ఉంది. దాని పక్కన నాయన పేరు లేదు, నా పేరూ లేదు. ఒక పొడుగాటి అంకెల వరస ఉంది, అంతే. ఆ వరసను నేను పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి థర్మామీటర్ల పక్కన అంటించాను. నాయన కళ్ళజోడు పెట్టుకుని అది మొదటి నుంచి చివరి దాకా చదివి, "ఇది మనదా?" అని అడిగాడు. మనదే అన్నాను.

ఊళ్ళో పెళ్ళి ఆల్బమ్‌లు చేసే స్టూడియో ఆయనా తన మెషిన్‌ను నెట్‌వర్క్‌లో పెట్టాడు, ముహూర్తాలు లేని నెలల్లో. ఆయనకూ అదే రోగం వచ్చింది. మా ఇంటికి వచ్చి చట్రం చూసి, ఫోటో తీసుకోబోతే నాయన ఒప్పుకోలేదు. ఫోటోలో కొలత తెలియదని, తానే సైకిల్ మీద పోయి ఆయన గది కొలిచి వచ్చాడు. సైకిల్ చెయిను అంతకుముందు రోజే ఆయనే వేసుకున్నాడు. మిక్సీ కూడా తిరుగుతోంది, కానీ అమ్మ అది నాతో చెప్పలేదు. పచ్చడి రుబ్బి గిన్నెలో పెట్టి నా ముందు ఉంచింది.

మళ్ళీ ఆయుధపూజ వచ్చింది. పొద్దున్న పది గంటలకు మెషిన్ ఆపుదామని వెళితే నాయన అడ్డం వచ్చాడు. "పట్టిన పని ముగించనీ. సగంలో ఆపితే అవతల కాచుకొని ఉండేవాళ్ళు ఏమనుకొంటారు?" చేతిలో ఉన్న ముక్క పూర్తయి, తిరిగి వెళ్ళిపోయే దాకా అందరమూ స్నానాలు చేసి కొత్త బట్టలతో గదిలో నిలబడ్డాము. పొంగలి చల్లారిపోయింది. అమ్మ సణిగింది. పదకొండున్నరకు పని అయింది. మెషిన్ ఆపాను, ఫ్యాన్లు నిలిచాయి.

చందనం గిన్నె తీసుకుని నాయన ముందుకు వెళ్ళాను. ఆయన పక్కవాళ్ళను చూపించలేదు. గిన్నె పుచ్చుకున్నాడు. ఉంగరపు వేలు చందనంలో ముంచి, మెషిన్ దగ్గరికి వెళ్ళి, చేయి చాచాడు. చాచిన చేయి పెట్టెకు బెత్తెడు దూరంలో ఆగిపోయింది.

వేలు చూసుకున్నాడు. చందనం తడిగా మెరుస్తోంది.

"ఈరం" అన్నాడు.

నవ్వాడు. నాకు గుర్తున్నంతవరకు ఏడాదిలో మొదటిసారి పళ్ళు కనిపించేలా నవ్వాడు. అమ్మ నవ్వింది. నేను పరుగున వెళ్ళి పొడి కుంకుమ భరిణె తెస్తే, దాన్నీ ఒప్పుకోలేదు. "పంజును ఆపి పొడిని లోపలికి పంపిస్తావా?" అన్నాడు. పక్కకు తిరిగి, తాను చేసిన చట్రం పై చెక్క మీద, నడిమధ్యన మొదటి బొట్టు పెట్టాడు. దాని మీద కుంకుమ అద్దాడు. రెండు చేతులూ జోడించాడు.

మామూలుగా మా ఇళ్ళలో ఆ రోజంతా మెషిన్‌కు విశ్రాంతి. ఆ రోజూ ఇచ్చాము. మర్నాడు పొద్దున్న నేను వచ్చేసరికి నాయన ఉతికిన చొక్కా తొడుక్కుని, ప్లాస్టిక్ కుర్చీ ముందుగదిలో వేసుకుని, నా కోసం ఎదురుచూస్తున్నాడు. మొహం కడుక్కుని వచ్చినట్టున్నాడు. స్విచ్ నొక్కమని చెప్పాను. అంతవరకు ఆయన ఎప్పుడూ నొక్కలేదు, అది నా పనే. ఆయన భుజం మీది తువ్వాలు తీసి కుడిచేతి వేళ్ళు తుడుచుకున్నాడు. వేలు వేలూ విడివిడిగా తుడుచుకున్నాడు. వెలుతురుకు పట్టి చూసుకుని, మళ్ళీ ఒకసారి తుడుచుకున్నాడు. ఆ తరువాత నొక్కాడు.